ముడి మీద వేళ్ళు

ఈసారి ఒక్క ఉత్తరానికే జవాబు రాస్తున్నాను. ఆరు కాగితాలు, రెండు వైపులా రాశారు. రాసినావిడకి 57 ఏళ్ళు. పేరు, ఊరు వద్దన్నారు కాబట్టి గుర్తుపట్టే వివరాలు తీసేసి, ఆవిడ చెప్పింది క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆవిడ పుట్టింది దివిసీమలో, నాగాయలంక అవతల సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లెలో. 1977 నవంబరు 19, శనివారం నాటికి ఆవిడకి తొమ్మిదేళ్ళు, అన్నయ్యకి పద్నాలుగు, చెల్లికి నాలుగు. నాన్న ముందురోజు ఏదో పనిమీద అవనిగడ్డ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. ఆ రోజంతా ఈదురుగాలి. గాలివానే అనుకున్నారు, సముద్రం ఊళ్ళోకి వస్తుందని ఇంట్లో ఎవరూ అనుకోలేదు. తాటాకు కప్పు లేచిపోయాక వాళ్ళమ్మ పాత నూలుచీర చింపి, ఆ పేలికతో ఆడపిల్లలిద్దరి నడుములూ కలిపి కట్టిందట, చీకట్లో విడిపోకుండా ఉంటారని. ముడి పెద్దదాని వైపు వేసింది. ముగ్గుర్నీ తీసుకుని ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క డాబా వైపు నడిచింది. సగం దారిలో నీళ్ళు వచ్చాయి.

తెల్లారేసరికి ఈవిడ ఒక తుమ్మచెట్టు కొమ్మల్లో ఉన్నారు. ఒళ్ళంతా ముళ్ళు. నడుముకి గుడ్డ లేదు, పక్కన చెల్లి లేదు. అన్నయ్య పక్క ఊరి పొలాల్లో బతికి దొరికాడు. అమ్మ మూడోనాడు దొరికింది. చెల్లి దొరకనే లేదు.

ఆ రాత్రి గురించి ఆవిడకి మిగిలింది ఒక్క గుర్తు. చీకటి, నోటినిండా ఉప్పునీళ్ళు, తన వేళ్ళు ఆ ముడి మీద ఉండటం. "ముడి నేనే విప్పానేమోనండీ" అని రాశారు. దాదాపు యాభై ఏళ్ళుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ముంజేతుల మీద ముళ్ళ మచ్చలున్నాయి. పిల్లలు అడిగితే చిన్నప్పుడు దడి మీద పడ్డానని చెప్పారట. అత్తగారు ఉప్పెనలో పోయారని భర్తకి తెలుసు, అంతవరకే.

అన్నయ్య కథ వేరు. ఏటా నవంబరు 19న ఊళ్ళో జరిగే సభలో ఆయన మాట్లాడతారు. ఆయన చెప్పేదాంట్లో అమ్మ ఎవర్నీ కట్టలేదు. చెల్లి అమ్మ చంకలో ఉంది, ఇద్దరూ కలిసే పోయారు.

2027 నవంబరుకి యాభై ఏళ్ళు నిండుతాయి. ఊరి కుర్రాళ్ళు అప్పటివాళ్ళ జ్ఞాపకాలు వీడియో తీస్తున్నారు. ఈవిడ కూతురు హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. "అమ్మా, నువ్వు చెప్పకపోతే అమ్మమ్మ గురించి నాకెవరు చెప్తారు?" అని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతోంది. అన్నయ్యేమో "నువ్వేం మాట్లాడొద్దు, నేను చెప్పేది చాలు" అన్నారట. చెప్తే అన్నయ్య అందరిముందూ అబద్ధాలకోరు అవుతాడు. అన్నయ్య చెప్పినట్టే చెప్తే చెల్లిని రెండోసారి వదిలేసినట్టు ఉంటుంది. అసలు చెప్పకపోతే కూతురు దూరమవుతుందని భయం. ఏం చెయ్యను అని అడిగారు. చివర్లో "చదివాక చింపేయండి" అని రాశారు.

అమ్మా,

మీ ఉత్తరంలో చెల్లి పేరు మూడుచోట్ల రాసి, మూడుచోట్లా కొట్టేశారు. ఇంకెక్కడా కొట్టివేత లేదు. అమ్మ, అన్నయ్య, నాన్న, తుమ్మచెట్టు, అన్నీ ఒకే తీరున, తడబాటు లేకుండా రాశారు. అందుకని ముందు చెల్లి గురించీ, ఆ ముడి గురించీ మాట్లాడతాను. వీడియో సంగతి తర్వాత. అది చిన్న విషయమని కాదు. ముడి దగ్గర మీకు కాస్త ఊపిరి ఆడితే తప్ప మిగతావాటి గురించి స్థిమితంగా ఆలోచించలేరు.

ఆ సాయంత్రం మీ ఊరి మీదికి వచ్చింది వరద కాదు. దాదాపు అయిదు మీటర్ల ఎత్తున లేచిన సముద్రం, అంటే ముగ్గురు మనుషుల ఎత్తు. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల మంది పోయారు, అంతకన్నా చాలా ఎక్కువమంది అన్న లెక్కలూ ఉన్నాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళలో ఏం మిగిలిందో నాకన్నా మీకే బాగా తెలుసు. బిడ్డల్ని గుండెకి అదుముకున్న పెద్దవాళ్ళ చేతుల్లోంచే బిడ్డలు జారిపోయారు. పడవలు నడిపిన చేతులు, వలలు లాగిన చేతులు నిలబెట్టుకోలేకపోయాయి. తొమ్మిదేళ్ళ పిల్ల నడుం దగ్గర ఉన్న ఒక చీరపేలిక మీద నాలుగేళ్ళ పిల్ల ప్రాణం ఆధారపడింది అనుకుంటున్నారు మీరు. ఆ నీటి ముందు ఆ పేలిక ఎంత?

ముడి సంగతి మనింట్లో తెలిసిన పద్ధతిలోనే చూద్దాం. తడిసిన లంగా బొందు ముడి పడితే ఎలా ఉంటుందో ఆడవాళ్ళందరికీ తెలుసు. నూలు నానితే ఉబ్బుతుంది, లాగినకొద్దీ బిగుస్తుంది. పగటిపూట, కూర్చుని, గోళ్ళతో పీకినా ఒక పట్టాన రాదు, చివరికి కత్తెర వెతుక్కుంటాం. నీళ్ళలో కొట్టుకుపోతూ, రెండువైపులా బరువు లాగుతుంటే, చీకట్లో, తొమ్మిదేళ్ళ పిల్ల వేళ్ళు ఆ ముడి విప్పడం చాలా కష్టం. పాత చీరపేలిక అయితే తెగి ఉండొచ్చు, ముళ్ళలో చిరిగి ఉండొచ్చు. ఇది రుజువని నేననను. అక్కడ నేను లేను. కానీ ఇన్నేళ్ళుగా మీరు ఒక్కవైపు సాక్ష్యమే వింటూ వచ్చారు, రెండోవైపు కూడా ఉందని చూపిస్తున్నాను.

ఇంకో మాట. వేళ్ళు ముడి మీద ఉన్నాయన్నది నిజమే కావచ్చు. విప్పడానికే ఉన్నాయని ఎవరు చెప్పారు? అమ్మ కట్టిన ముడి ఊడకుండా పట్టుకోవడానికి కూడా వేళ్ళు అక్కడికే పోతాయి కదా. మీ ఉత్తరం మళ్ళీ చదివి చూశాను. 'వేళ్ళు ముడి మీద ఉన్నాయి' అన్న చోట మీ రాత స్థిరంగా ఉంది. 'విప్పానేమో' దగ్గర ప్రతిసారీ 'ఏమో' ఉంది. మొదటిది మీకు గుర్తున్నది. రెండోది తర్వాత మీరు దానికి చెప్పుకున్న అర్థం కావచ్చు. ఇంతకాలం పక్కపక్కనే ఉండేసరికి రెండూ ఒకటే అయిపోయాయి.

పెద్ద విపత్తులప్పటి జ్ఞాపకాలు ఫొటోలాగా చెక్కుచెదరకుండా ఉంటాయని చాలామంది నమ్ముతారు. 1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ వ్యోమనౌక పేలిపోయింది. మర్నాడే యూల్రిక్ నైసర్ అనే మనస్తత్వవేత్త తన విద్యార్థుల చేత, ఆ వార్త విన్నప్పుడు ఎక్కడున్నారో, ఎవరు చెప్పారో రాయించి దాచారు. రెండున్నరేళ్ళు దాటాక మళ్ళీ అడిగితే చాలామంది జవాబులు మొదట రాసినదానికి పొంతన లేకుండా ఉన్నాయి. కానీ వాళ్ళు మాత్రం గట్టి నమ్మకంతో చెప్పారు. తమ చేతిరాత చూపించినా ఆ పాత జ్ఞాపకం వాళ్ళకి తిరిగి రాలేదు. వాళ్ళెవరూ అబద్ధాలకోరులు కాదు. మనిషి జ్ఞాపకం పనిచేసే తీరే అంత. వాళ్ళు విన్నది దూరాన జరిగిన వార్త, మీరు నీళ్ళలో ఉన్నారు. రెండూ ఒకటని చెప్పడం లేదు. ఆ రాత్రి గురించి మీ జ్ఞాపకమూ, అన్నయ్య జ్ఞాపకమూ వేరుగా ఉన్నంతమాత్రాన ఇద్దరిలో ఒకరు తప్పు చేసినట్టు కాదని చెప్తున్నాను.

ఇక అసలు కష్టమైన మాట. ఇంత చెప్పినా మీ మనసు ఊరుకోదని నాకు తెలుసు. "ఒకవేళ నిజంగా విప్పి ఉంటే?" అంటుంది. సరే, విప్పారనే అనుకుందాం. తల నీళ్ళలో మునిగినప్పుడు ఒంటికి గాలి ఒక్కటే కావాలి. చేతులు వాటంతట అవే కొట్టుకుంటాయి, దేన్నో ఒకదాన్ని పీకుతాయి, లాగుతాయి. అక్కడ ఆలోచించి నిర్ణయించే మనిషి ఉండదు. ఈత వచ్చిన పెద్దవాళ్ళు కూడా కాపాడడానికి వచ్చినవాణ్ణే కిందికి తోసేస్తారు. వాళ్ళ మీద ఎవరూ నేరం మోపరు. మీ మనవరాలికి ఎనిమిదేళ్ళని రాశారు. వచ్చే ఏడాది ఆ పిల్లకి తొమ్మిది వస్తాయి. అప్పుడు ఒకసారి దాని చేతివేళ్ళు చూడండి.

ఆ రాత్రి లోపం ఎక్కడ జరిగిందో చెప్పడానికి ముడి దాకా వెళ్ళక్కర్లేదు. 1990 మే నెలలో మళ్ళీ కృష్ణా తీరంలోనే పెద్ద తుఫాను వచ్చింది. అప్పటికి తుఫాను షెల్టర్లు కట్టారు, ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించారు. పోయినవాళ్ళు వెయ్యిలోపే. 1977లో మీ అమ్మకి దొరికింది ఒక పాత చీర, ఒక డాబా. ఉన్నవాటితో ఆవిడ చెయ్యగలిగినంతా చేసింది.

ఇప్పుడు అన్నయ్య సంగతి. నాలుగో కాగితంలో ఒక్క వాక్యం రాసి దాటేశారు. నేను అక్కడే చాలాసేపు ఆగాను. మర్నాడో ఆ మర్నాడో నాన్న బురదలో వెతుక్కుంటూ వచ్చి "చెల్లి నీ దగ్గరే ఉందామ్మా?" అని అడిగితే, "అమ్మ దగ్గర ఉంది" అన్నారు మీరు. పక్కన అన్నయ్య ఉన్నాడు.

అన్నయ్య ఏటా సభలో చెప్తున్నది మీరు ఆ రోజు నాన్నకి చెప్పిన జవాబే కావచ్చు, అమ్మా. గాలీ వానా చీకటీ, పద్నాలుగేళ్ళ పిల్లాడు, అమ్మ ఎప్పుడు కట్టిందో అతను చూసి ఉండకపోవచ్చు. చెల్లెలు చెప్పింది విన్నాడు, అదే నమ్మాడు, చెప్పగా చెప్పగా అతనికి అదే కళ్ళకి కనిపించి ఉంటుంది. లేదా అతను చూశాడు. ముడీ చూశాడు, తెల్లారి మీ నడుముకి గుడ్డ లేకపోవడమూ చూశాడు. మిమ్మల్ని ఎవరూ ఎప్పుడూ ఏమీ అడగకుండా ఇన్నేళ్ళుగా అడ్డం నిలబడ్డాడు. 'నువ్వేం మాట్లాడొద్దు' అన్న మాటలో మీకు అధికారం వినిపించింది. నాకు భయం కూడా వినిపిస్తోంది. మూడోది కూడా ఉంది. నీళ్ళు వచ్చినప్పుడు అతను అమ్మ చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఆ చెయ్యి ఎలా వదిలిందో అతను ఏ సభలోనూ చెప్పినట్టు మీరు రాయలేదు. అతనికీ ఒక ముడి ఉండొచ్చు. ఏది నిజమో నాకు తెలియదు, మీకూ తెలియదు. అతన్ని అడిగితే తప్ప తెలిసే దారి లేదు.

అడగాలా వద్దా? అడిగితే మంచి జరగొచ్చు. ఆ రాత్రి గురించి మీతో మాట్లాడగలిగిన మనిషి భూమ్మీద అతనొక్కడే మిగిలాడు. కానీ 62 ఏళ్ళ మనిషి తన బతుకంతా నిలబెట్టుకున్న కథ కదిలితే కోపం రావచ్చు, కొన్నాళ్ళు మాటలు ఆగిపోవచ్చు. అందుకని అడిగితే సభకి ముందు రోజుల్లో వద్దు. ఫోన్లో అసలే వద్దు. ఇద్దరే ఉన్నప్పుడు, "నీ కథ తప్పు" అని మొదలుపెట్టకుండా, "అన్నయ్యా, ఆ రోజు నాన్నకి నేను చెప్పిన మాట నీకు గుర్తుందా?" అని అడగండి. అతను ముడి గురించి మాట్లాడకపోయినా, గుర్తుందో లేదో ముఖం చెప్తుంది. ఆ తర్వాత ఇంకో మాట అడగాలో ఊరుకోవాలో మీకే తెలుస్తుంది.

అమ్మాయి దగ్గరికి వద్దాం. ఆ పిల్ల అడిగింది అమ్మమ్మ గురించి. మీరేమో ఆ ఒక్క రాత్రి గురించి అనుకున్నారు. అమ్మమ్మకి 1977కి ముందు కూడా బతుకుంది కదా. ఏం వండేది, ఎవరితో దెబ్బలాడేది, మీ జడ ఎలా వేసేది, చెల్లిని ఏమని పిలిచేది? వీటిల్లో ఒక్కటి కూడా మీ పిల్లలకి తెలియదనుకుంటాను. ఉప్పెన అమ్మని తీసుకెళ్ళడమే కాకుండా అమ్మ గురించిన మాటలన్నిటికీ అడ్డం పడి కూర్చుంది. ముందు అవి చెప్పొచ్చు. ముడి దాకా వెళ్ళాల్సిన పని లేదు. ఇలా చేస్తే కూతురికి కావలసింది చాలావరకు దొరుకుతుంది, మీకు నోరు పెగలడం అలవాటవుతుంది. ఇబ్బంది కూడా ఒకటుంది. చెప్తుండగా చెల్లి మాట వస్తుంది, "చెల్లి ఏమైందమ్మా?" అని అడుగుతుంది. అప్పుడు "అది చెప్పడం నాకు కష్టం, ఇప్పుడు కాదు" అనడానికి సిద్ధంగా ఉండండి. అది అబద్ధం కాదు. దడి మీద పడ్డానన్న దానికన్నా ఎంతో నిజం.

ఒకవేళ అమ్మాయికి ముడి సంగతి కూడా చెప్పాలనిపిస్తే, ఒక జాగ్రత్త. పెద్ద పిల్లలైనా ఇలాంటివి విన్నప్పుడు కంగారుపడి వెంటనే "నీ తప్పేం లేదమ్మా" అనేస్తారు. ప్రేమతోనే అంటారు గానీ, ఇన్నేళ్ళు మోసినదాన్ని ఒక్క మాటతో తోసేసినట్టు మీకు గుచ్చుకోవచ్చు. "నువ్వేం అనక్కర్లేదు, విను చాలు" అని ముందే చెప్పండి. చెప్పాక ఆ పిల్ల కూడా దాన్ని మోస్తుంది. కొన్నిరోజులు రోజూ ఫోన్ చేస్తుంది, ఏడుస్తుంది. ఆమె ఆ బరువు పంచుకోవడం మీకు సమ్మతమేనా అన్నది మీరే తేల్చుకోవాలి. ఎక్కువమంది తల్లులు వద్దనుకుంటారు. ఎక్కువమంది కూతుళ్ళు కావాలనే అంటారు.

వీడియో మాత్రం వేరే లెక్క. ఇంట్లో చెప్పిన మాట ఇంట్లో మారుతుంది, సర్దుకుంటుంది. కెమెరా ముందు చెప్పిన మాట ఫోన్లలో తిరుగుతుంది, కింద ఎవరెవరో ఏదేదో రాస్తారు, వెనక్కి తీసుకోలేం. ముడి సంగతి మొదటిసారి బయటికి చెప్పే చోటు అది కాకూడదని నా గట్టి అభిప్రాయం. ఇంట్లో ఒక్కరికైనా చెప్పి, ఆ తర్వాత కొన్ని నెలలు నిద్ర ఎలా పడుతోందో చూసుకుని, అప్పుడు ఆలోచించండి. ఈలోగా కుర్రాళ్ళకి చెప్పగలిగినవి చాలా ఉన్నాయి. తుమ్మచెట్టు, ఆకాశంలోంచి పడిన ఆహారం పొట్లాలు, పొలాల్లో పేరుకున్న ఉప్పు, బడి మళ్ళీ తెరిచినరోజు మీ తరగతిలో ఎంతమంది ఉన్నారో మీరు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్న సంగతి. అది చదివినప్పుడు నేను ఉత్తరం కాసేపు పక్కన పెట్టాను. ఇవి ఇంకెవరూ చెప్పలేరు. వీటిల్లో ఏదీ అన్నయ్య మాటకి ఎదురు పోదు. చెల్లి ఎలా పోయిందన్నది చెప్పకుండా వదిలేస్తే మీరు అబద్ధం చెప్పినట్టు కాదు. పేరు, వయసు, "దొరకలేదు" అన్నమాట చెప్తే ఆ పిల్లని వదిలేసినట్టూ కాదు.

అసలేమీ చెప్పకపోవడం కూడా ఒక దారే. మానేస్తే మీరు ఎవరికీ బాకీ పడరు. కూతురు కొన్నాళ్ళు చిన్నబుచ్చుకోవచ్చు. జరిగిందాన్ని తవ్వి తవ్వి చెప్పిస్తే మనసు తేలికవుతుందని చాలామంది అనుకుంటారు గానీ, విపత్తు నుంచి బయటపడ్డవాళ్ళని బలవంతంగా చెప్పించొద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా కూడా. చెప్పాలనిపించినప్పుడు వినే మనిషి ఉండటమే ముఖ్యం.

ఏ దారి పట్టినా ఒకటి చెయ్యమని అడుగుతాను. నవంబరు వస్తే నిద్ర పట్టదనీ, వాన చప్పుడుకి లేచి వీధితలుపు గొళ్ళెం తీసి పెడతారనీ, నిద్రలో వేళ్ళు కదులుతాయని మీ ఆయన అన్నారనీ రాశారు. ఇన్నేళ్ళయినా ఇది తగ్గలేదంటే మనసుకి గట్టి గాయమే తగిలింది. దానికి వైద్యం ఉంది, ఈ వయసులో కూడా పనిచేస్తుంది. ఊళ్ళో డాక్టరు దగ్గరికి వెళ్ళడం ఇబ్బందనిపిస్తే 14416కి ఫోన్ చెయ్యండి. టెలి మానస్ అని ప్రభుత్వం నడిపేది, డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం ఆగొద్దు, ఆ రోజే చెయ్యండి, మీ ఆయనకి కూడా చెప్పండి.

అమ్మకి ఏటా ఆబ్దికం పెడుతున్నారు, చిన్నపిల్ల కాబట్టి చెల్లికి ఏమీ లేదన్నారు. శాస్త్రం సంగతి పక్కన పెట్టండి. నాలుగేళ్ళ పిల్లకి ఇష్టమైనది మీకు తెలుసు. మొదటి కాగితంలోనే ఉంది, వేయించిన పప్పులూ బెల్లమూ. ఈ నవంబరు 19న సభకి వెళ్ళినా వెళ్ళకపోయినా అవి నాలుగు పొట్లాలు కట్టి వీధిలో పిల్లలకి పంచండి. ఎవరైనా ఎందుకని అడిగితే, పేరు చెప్పాలనిపిస్తే చెప్పండి.

ఉత్తరం చింపేయమన్నారు. చింపలేదు, క్షమించండి. కవర్లో పెట్టి, అతికించి, విడిగా దాచాను. మీరు మళ్ళీ చింపేయమంటే చింపేస్తాను, తిరిగి పంపమంటే పంపుతాను. ఒకటి మాత్రం చెప్పాలి. మూడోచోట పేరు సరిగ్గా కొట్టెయ్యలేదు, చదవడానికి వచ్చింది. పైకే చదివాను.